చాట్‌లో అన్న మాట ఎక్కడికి పోతుంది?

సోమవారం రాత్రి ఎనిమిదిన్నరకు డాలస్ నుంచి మెసేజ్ వచ్చింది. "హాయ్ అన్నా." అంతే, ఇంకేం లేదు. నేను అప్పటికే ల్యాప్‌టాప్ మూసేసి నిజాంపేట రోడ్డు మీద కూరగాయల బండి దగ్గర నిలబడి ఉన్నాను. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి లాగిన్ అయ్యి, చూసుకుని, "చెప్పు తమ్మీ" అని కొట్టాను. అక్కడ అప్పుడు రాత్రి పదిన్నర, మనవాడు నిద్రలో ఉన్నాడు. అతనికి తెల్లారి ఆఫీసు మొదలయ్యేసరికి మనకు రాత్రి ఏడున్నర. అప్పుడొచ్చింది అసలు ప్రశ్న: "టెస్ట్ సర్వర్ అడ్రస్ మారిందా?" బుధవారం పొద్దున "మారింది, కొత్తది ఇదీ" అని పంపాను. అతను దాన్ని చదివింది అక్కడి బుధవారం తొమ్మిదింటికి.

లెక్క వేస్తే, రెండు నిమిషాల పనికి 47 గంటలు. ఆ ప్రశ్న మొదటి మెసేజ్‌లోనే ఉంటే 23 గంటల్లో తేలిపోయేది.

అతను చేసింది మర్యాదే. ఎవరింటికైనా వెళ్తే గుమ్మం దగ్గర ఆగి "ఉన్నారా అండీ" అని పిలుస్తాం. లోపలి నుంచి "ఆ, రండి" అన్నాకే విషయం చెప్తాం. ఫోన్‌లో కూడా "హలో" తర్వాత అవతలి గొంతు వినబడేదాకా అసలు మాట ఎత్తం. ఆ అలవాటునే అతను చాట్‌లోకి తెచ్చాడు. గుమ్మం దగ్గర ఆ జవాబు రావడానికి రెండు సెకన్లు పడుతుంది, డాలస్‌కూ హైదరాబాద్‌కూ మధ్య ఒక రాత్రి పడుతుంది.

దూరంగా ఉండి కలిసి పనిచేసేవాళ్ల చిక్కుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. చాట్ చూడ్డానికి రాత, నడవడం మాత్రం మాటలాగా నడుస్తుంది. రాసేటప్పుడు అందరం మాటలాగే విసిరేస్తాం. ఆరు నెలలు పోయాక దాన్నే దస్తావేజులా వెతుక్కుంటాం. ఏ యాప్ వాడాలన్న చర్చ మా టీమ్‌లో ఏటా ఒకసారి వస్తుంది. ఈమెయిల్, చాట్, టికెట్ (ఒక్కో పనికి నంబరు వేసి నమోదు చేసుకునే చీటీ), అందరూ కలిసి రాసుకునే డాక్యుమెంట్, వాట్సాప్ గ్రూపు అన్నీ టైప్ చేసేవే కాబట్టి అన్నీ ఒకటే అనుకుని, ఏది బాగుంటుందని అడుగుతాం. వాటిలో తేడా బటన్లలో లేదు. ఒక మాటను ఎంతకాలం దాస్తాయి, ఎవరికి దొరకనిస్తాయి, జవాబు ఎప్పటిలోగా రావాలని మన మీద ఒత్తిడి పెడతాయి అన్న దాంట్లో ఉంది.

రచ్చబండ, ఉత్తరం

ఈమెయిల్ అందరికన్నా పెద్దది. 1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు సందేశం పంపుతూ, మనిషి పేరుకూ మెషీన్ పేరుకూ మధ్య @ గుర్తు పెట్టాడు. అది పుట్టుకతోనే ఉత్తరం. పైన విషయం రాస్తాం, ఎవరెవరికి పోతుందో పేర్లు పెడతాం, చేరాక అందరి దగ్గరా తలో కాపీ ఉంటుంది. వెంటనే జవాబు రాకపోతే ఎవరూ అలగరు. ఇంకో గొప్ప విషయం, ఏ సర్వర్ నుంచైనా ఏ సర్వర్‌కైనా పోతుంది. మేడ్చల్ పోస్టాఫీసులో వేసిన కార్డు మచిలీపట్నంలో అందినట్టు.

చాట్ వంశం వేరు. 1988లో ఫిన్‌లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయ్కారినెన్ అనే కుర్రాడు ఐఆర్‌సీ అనే పద్ధతి తయారుచేశాడు. చానల్ అంటే నలుగురూ చేరి మాట్లాడుకునే గది, దాని పేరు ముందు ఈ రోజు మనం పెట్టే హ్యాష్ గుర్తు అక్కడి నుంచి వచ్చిందే. ఐఆర్‌సీ చానల్ అచ్చం రచ్చబండ. ఆ సమయానికి అక్కడ కూర్చున్నవాళ్లకే మాట వినబడేది. కనెక్షన్ తెగి మళ్లీ వస్తే మధ్యలో ఏం జరిగిందో సర్వర్ చెప్పదు, అది దాచుకోదు కాబట్టి. ఎవరికైనా పాతవి కావాలంటే రాత్రీపగలూ ఒక మెషీన్‌ను చానల్‌లో కూర్చోబెట్టి రికార్డు చేయించుకోవాల్సిందే. ఇబ్బందే, కానీ అందులో ఒక నిజాయితీ ఉంది: రచ్చబండ మీద మాట్లాడితే రచ్చబండ మీదే పోతుందని అందరికీ ముందే తెలుసు. అందుకే గుర్తుండాల్సిన సంగతిని విడిగా మెయిల్‌లో రాసుకునేవాళ్లు.

మన దగ్గర చాట్ రుచి తెలిసింది యాహూ మెసెంజర్‌తో. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే అది కూడా మొదలైంది. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుంటూ పక్కనే నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చున్న తరం దాన్ని మర్చిపోదు. 2018 జులై 17న మూతపడింది. అందులో కూడా మాటకు పెద్దగా జ్ఞాపకం లేదు, మనమూ దాని నుంచి జ్ఞాపకం ఆశించలేదు.

పరిస్థితి మారింది స్లాక్ అనే ఆఫీసు చాట్ యాప్‌తో. దాని కథ తమాషాగా ఉంటుంది. టైనీ స్పెక్ అనే కంపెనీ గ్లిచ్ అని ఒక ఆన్‌లైన్ ఆట తయారుచేసింది, అది ఆడలేదు, 2012 చివర్లో మూసేశారు. ఆట తయారుచేస్తున్నప్పుడు ఊళ్లు వేరైన తమవాళ్ల కోసం ఐఆర్‌సీకి అతుకులు వేసి వాడుకున్న చాట్ మాత్రం మిగిలింది. దాన్నే 2014లో అందరికీ అమ్మకానికి పెట్టారు. స్లాక్ అన్న పేరును విడదీస్తే, సంభాషణలూ సమాచారమూ మొత్తం వెతుక్కోదగ్గ చిట్టా అని అర్థం వచ్చేలా పొడి అక్షరాలు కూర్చారు. 2021లో సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని 27.7 బిలియన్ డాలర్లకు కొనేసింది. మైక్రోసాఫ్ట్ టీమ్స్ 2017లో వచ్చింది. మన జోహో వాళ్ల క్లిక్, సొంత సర్వర్‌లో పెట్టుకునే మ్యాటర్‌మోస్ట్, జూలిప్ లాంటివి కూడా ఈ దారిలోవే.

ఆ పేరులోనే మెలిక ఉంది. రచ్చబండకు చిట్టా తగిలించారు. మాట్లాడేవాళ్లు మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు, కానీ ఇప్పుడు అంతా రికార్డు అవుతోంది కాబట్టి విడిగా రాసుకోనక్కర్లేదన్న ధీమా వచ్చింది. ఆ ధీమా ఖరీదు ఎంతో ఒక 13వ తేదీ రాత్రి నాకు తెలిసింది.

పదమూడో నెల

మేం ఒక అమెరికా క్లయింట్ బిల్లుల ఫైళ్లు చదివే ప్రోగ్రామ్ చూసుకుంటాం. వాళ్లు తేదీలో నెల ముందు రాస్తారు, మనం రోజు ముందు రాస్తాం. 04-05 అంటే మనకు మే 4, వాళ్లకు ఏప్రిల్ 5. మాకు వచ్చే ఫైళ్లు మన పద్ధతిలోనే ఉంటాయి, ఒక్క దాంట్లో మాత్రం నెల ముందు వస్తుందని తేలాక, ఆ పని చూస్తున్న కుర్రాడు కోడ్ మార్చి ఒక సీనియర్‌కు డైరెక్ట్ మెసేజ్ పెట్టాడు: "అన్నా, గా ఒక్క ఫైల్‌ల నెల ముందు వస్తది, గట్లనే చదువుతున్నం. మిగతావి ఎప్పటిలెక్కనే." సీనియర్ చదివి బొటనవేలు బొమ్మ పెట్టాడు. కథ అయిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత ఆ కుర్రాడు వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. కొత్తగా చేరిన అమ్మాయి కోడ్ చదువుతూ, అన్ని చోట్లా రోజు ముందుండి ఈ ఒక్క చోట నెల ముందుండటం చూసి, ఎవరో పొరపాటు చేశారనుకుని సరిచేసింది. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. ఒకటో తేదీ నుంచి కొత్త కోడ్ నడిచింది. మొదటి 12 రోజులూ ఏ చప్పుడూ లేదు. ఎందుకంటే 12 దాకా ఏ అంకె అయినా నెల కూడా కాగలదు, రోజు కూడా కాగలదు. ప్రోగ్రామ్ తప్పుడు తేదీలను హాయిగా మింగుతూ పోయింది. 13వ తేదీ ఫైల్ వచ్చాక గానీ, సంవత్సరంలో పదమూడో నెల లేదని దానికి గుర్తుకు రాలేదు. ఆ రాత్రి అది ఆగిపోయేసరికి, రోజూ నెలా ఒకే అంకె అయిన ఒక్క రోజు తప్ప, మిగతా 11 రోజుల బిల్లులు తప్పు నెలల్లో కూర్చుని ఉన్నాయి.

అసలు అక్కడ నెల ముందు పెట్టమన్నది ఎవరు, ఎందుకు అని వెతకడం మొదలుపెట్టాను. చాట్‌లో "డేట్ ఫార్మాట్" అని కొడితే ఏమీ రాలేదు. "తేదీ" అని తెలుగులో కొట్టినా రాలేదు. చివరికి నెలల వారీగా వెనక్కి జరుపుకుంటూ పోతే, రాత్రి ఒంటిగంటకు దొరికింది. ఆ కుర్రాడు అసలు తేదీ అన్న మాటే వాడలేదు. పైగా మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. కింద బొటనవేలు బొమ్మ. పెట్టిన సీనియర్ పేరు నాదే.

నాకు ఏమాత్రం గుర్తు లేదు. ఆ రోజు మెట్రోలో రాయదుర్గం వెళ్తూ నిలబడి పెట్టి ఉంటాను.

చూడండి, మాట పోలేదు. చిట్టాలో భద్రంగానే ఉంది. కానీ అవసరమైన మనిషికి, అవసరమైన చోట దొరకలేదు. ఆ అమ్మాయికి మా ఇద్దరి మధ్య నడిచిన మెసేజ్ కనబడే దారే లేదు. ఆ సంగతి కోడ్‌లో ఆ లైను పక్కనో, లేదంటే ఆ మార్పు టికెట్‌లోనో ఒక్క వాక్యంగా ఉండి ఉంటే సరిపోయేది. టికెట్‌కు తేదీ ఉంటుంది, నంబరు ఉంటుంది, మనుషులు మారినా అది మారదు. రుచీ పచీ ఉండదు, అందుకే మనకు దాంట్లో రాయబుద్ధి కాదు.

అన్నట్టు, చిట్టా కూడా శాశ్వతం కాదు. స్లాక్‌ను డబ్బు కట్టకుండా వాడేవాళ్లకు 2022 సెప్టెంబర్ నుంచి 90 రోజుల మెసేజ్‌లే కనబడుతున్నాయి. డబ్బు కట్టే పెద్ద కంపెనీలేమో కోర్టు వ్యవహారాల భయంతో తామే ఒక గడువు పెట్టి పాతవి తుడిచేస్తుంటాయి. మీ ఆఫీసులో ఆ గడువు ఎంతో ఐటీ వాళ్లను ఒకసారి అడిగి చూడండి.

గల్లీలూ అంశాలూ

ఈ గజిబిజిని చాట్ తయారుచేసేవాళ్లు కూడా గమనించారు. స్లాక్ 2017లో థ్రెడ్లు తెచ్చింది, అంటే ఒక మెసేజ్ కింద దాని జవాబులు విడిగా పోగవుతాయి. మెయిన్ రోడ్డు మీద రద్దీ తగ్గడం నిజమే. కానీ థ్రెడ్ గల్లీ లాంటిది. గల్లీ లోపల ఏం తేలిందో రోడ్డు మీద వెళ్లేవాడికి తెలియదు. పైన "సర్వర్ స్లోగా ఉంది" అని ఉంటుంది, కింద 43 జవాబులు. అందులో 38వ దాంట్లో డేటాబేస్ మార్చాలన్న పెద్ద నిర్ణయం జరిగిపోయి ఉంటుంది.

జూలిప్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. 2012లో మొదలై, మధ్యలో డ్రాప్‌బాక్స్ కంపెనీ చేతికి వెళ్లి, 2015లో ఓపెన్ సోర్స్ అయింది, అంటే దాని కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. అందులో చానల్‌లో ఏం రాయాలన్నా ముందు అది ఏ అంశం కిందకు వస్తుందో పేరు పెట్టడం పద్ధతి, మెయిల్‌కు సబ్జెక్ట్ రాసినట్టు. పొద్దున లేచి చూస్తే "నిన్న రాత్రి 200 మెసేజ్‌లు" అని కాకుండా, ఏడు అంశాలు కనబడతాయి. మనకు పనికొచ్చే రెండు చదివి మిగతావి వదిలేయొచ్చు. అమెరికా వాళ్లు రాత్రంతా మాట్లాడుకుని మనకు వదిలేసే గుట్టను చదువుకునే హైదరాబాద్ వాళ్లకు ఇది చిన్న సుఖం కాదు. దాన్ని వాడే కంపెనీలు తక్కువ అన్నది వేరే సంగతి. చాలాచోట్ల టూల్ ఎంపిక వాడేవాళ్ల చేతిలో ఉండదు, ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఏది వస్తే అదే.

ఒక టూల్ నుంచి ఇంకో టూల్‌కు మెసేజ్ పోకపోవడం కూడా విసుగే. జబ్బర్ అని 1999లో మొదలైన పద్ధతి, తర్వాత 2014లో వచ్చిన మ్యాట్రిక్స్, చాట్‌ను కూడా మెయిల్‌లా ఊళ్లన్నీ కలిపే పోస్టాఫీసు చేద్దామని చూశాయి. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం మ్యాట్రిక్స్ మీదే చాప్ అనే యాప్ కట్టుకుంది. మామూలు కంపెనీల్లో మాత్రం ఎవరి ప్రహరీ గోడ వాళ్లదే.

మనం, మేము, మీరు

టూల్ సంగతి కాసేపు పక్కన పెడితే, భాష పెట్టే తిప్పలు ఇంకో రకం. మా చానల్‌లో హైదరాబాద్ వాళ్లం ఆరుగురు, చెన్నై వాళ్లు ముగ్గురు, డాలస్‌లో ఇద్దరు. అందరికీ కావాలి కాబట్టి ఇంగ్లీషులో రాస్తాం. ఎవరో ఒకరు "వీ విల్ చెక్" అని పెడతారు. ఎవరు చెక్ చేస్తారు? హైదరాబాద్ టీమా, మొత్తం టీమా, చదివే మనం కూడా అందులో ఉన్నామా? అదే తెలుగులో అయితే "మేం చూస్తాం" అన్నామంటే మీకు సంబంధం లేదని, "మనం చూద్దాం" అన్నామంటే నువ్వూ రావాలని వెంటనే తెలిసిపోతుంది. ఆ తేడాను మనం తెలుగులోనే ఆలోచించి, ఇంగ్లీషులో పోగొట్టుకుంటున్నాం. అందుకే నేను ఇప్పుడు ఆ మాట కనబడితే చాలు, కింద "అంటే ఎవరు?" అని అడుగుతున్నాను. కొందరికి కోపం వస్తోంది, రానీ.

తెలుగు కూడా తక్కువ తినలేదు. పదకొండు మంది ఉన్న చోట "మీరు ఒకసారి చూస్తారా?" అని పెడితే అది ఒకరికి ఇచ్చిన మర్యాదా, అందరికీ వేసిన పిలుపా? ప్రతివాడూ పక్కవాణ్ణి అనుకుంటాడు. పదకొండు మందీ చదువుతారు, ఒక్కరూ చూడరు. ఆ @ గుర్తు పెట్టి పేరు రాయడం మొరటుగా ఉందని మా వాళ్లు మొదట్లో మొహమాటపడ్డారు, పెద్దవాళ్లను వేలు పెట్టి చూపించినట్టు ఉంటుందని. ఇప్పుడు పేరు పెట్టి, పక్కన "గారు" అని చేర్చి అడుగుతున్నారు.

ఇక "చూద్దాం". ఇంటికి పెళ్లి సంబంధం వస్తే "చూద్దాంలెండి" అన్నారంటే అది కుదరదని ఇరుపక్షాలకూ అర్థమవుతుంది. దాన్నే ఇంగ్లీషులోకి మార్చి డాలస్‌కు పంపితే, ఇది కచ్చితంగా పరిశీలనలో ఉందని వాళ్లు నమ్మి వచ్చే వారం గుర్తుచేస్తారు. ఎదురుగా ఉంటే ఆ మాట అనేటప్పటి గొంతు, పక్కకు తిరిగిన చూపు అర్థం చెప్పేస్తాయి. టైప్ చేసినప్పుడు ఆ రెండూ రాలిపోతాయి. వాటి స్థానంలోకి మనం ఎమోజీలు తెచ్చుకున్నాం. కానీ బొటనవేలు బొమ్మ అంటే చదివాననా, ఒప్పుకున్నాననా, చేస్తాననా? నాకు తెలిసిన టీమ్‌లో దీన్ని కూర్చుని తేల్చుకున్నారు: కళ్ల బొమ్మ అంటే చూస్తున్నాను, టిక్ అంటే అయిపోయింది, బొటనవేలు అంటే చదివాను తప్ప ఇంకేం కాదు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఆ పద్ధతి మా టీమ్‌లో ముందే ఉంటే, నేను ఒప్పుకున్నానని ఆ కుర్రాడు అనుకునేవాడు కాదు.

సర్వర్ ఏ రాగంలో పాడింది?

లిపి సమస్య మనకు ప్రత్యేకం. పి, ఏ, డి, ఐ, ఎన్, డి, ఐ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పడింది అవుతుంది, పాడింది కూడా అవుతుంది. సర్వర్ పడిందని పెడితే, ఏ రాగంలో అని వెంటనే ఒకడు అడుగుతాడు. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, వెతుకులాటకు ఇది గొడ్డలిపెట్టు. చాట్ వెతుకుడు ఎక్కువగా అక్షరాలను పోల్చి చూస్తుంది. చేశాం, చేసినం, చేసేసాం అన్న మాటలను ఆరుగురు ఆరు స్పెల్లింగుల్లో కొడితే, ఏడో స్పెల్లింగుతో వెతికేవాడికి దక్కేది సున్నా. మాట్లాడుకోవడానికి ఎలా కొట్టుకున్నా పరవాలేదు, నిర్ణయాన్ని మాత్రం తెలుగు లిపిలోనో సరైన ఇంగ్లీషులోనో ఒక్క లైను రాయాలన్నది అనుభవం మీద నేను పెట్టుకున్న నియమం.

తెలుగు లిపిలో రాస్తే అసలు ఫోన్లే పడిపోయిన రోజులు కూడా ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో ఐఫోన్‌కు చేరితే, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలిపోయేది. ఆ అక్షరాన్ని తెర మీద గీసే దగ్గర సాఫ్ట్‌వేర్ తడబడింది. మెసేజ్ తెరిస్తేనే కూలుతుంది కాబట్టి దాన్ని తుడిచే దారి కూడా మూసుకుపోయేది. కొద్ది రోజుల్లోనే ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం అన్న మాటలన్నిటిలోనూ ఉండే అక్షరమే చాట్‌ను పడగొట్టిందంటే, దాన్ని ఎవరైనా కల్పించి రాస్తే అతిగా ఉందనేవాళ్లం.

ఎవరి తాళం ఎవరి దగ్గర

హైదరాబాద్‌లో ఏ టీమ్‌కైనా అధికారిక టూల్ ఒకటి, అసలు టూల్ ఒకటి ఉంటాయి. ఆ రెండోది వాట్సాప్ గ్రూపు. సెలవు కావాలంటే అక్కడే, క్యాబ్ రాలేదన్నా అక్కడే, సర్వర్ పడిందన్న మాట కూడా ముందు అక్కడే. ఎందుకంటే అందరి ఫోన్‌లోనూ ఉంది, లాగిన్ తలనొప్పి లేదు, మేనేజర్ పైవాళ్లు అందులో లేరు.

లోపల తేడా పెద్దదే. వాట్సాప్‌లో 2016 నుంచి మెసేజ్ పంపినవాళ్ల ఫోన్‌లో తాళం పడి, అందుకున్నవాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో సర్వర్ దాన్ని చదవలేదు. ఆఫీసు చాట్ అలా కాదు. అక్కడ తాళం దారిలో దొంగల కోసమే, చిట్టా మాత్రం కంపెనీ ఖాతాలో ఉంటుంది. ఎంచుకున్న ప్లాన్‌ను బట్టి, అవసరమైతే డైరెక్ట్ మెసేజ్‌లు సహా బయటకు తీసే వీలు నిర్వాహకులకు ఉంటుంది. డైరెక్ట్ అంటే ఇద్దరి మధ్యే అని పేరు, అంతే. జీతాల గురించి, మేనేజర్ గురించి ఏమన్నా అనుకోవాలంటే చాయ్ దగ్గరే మేలు.

ఇది ఒక వైపు. రెండో వైపు, ఆఫీసు పనిని వాట్సాప్‌లో నడిపితే కంపెనీకి దాని మీద పట్టు పోతుంది. మనిషి వెళ్లిపోతే చరిత్ర అతని ఫోన్‌తోపాటే పోతుంది. క్లయింట్ పాస్‌వర్డ్ మాజీ ఉద్యోగి ఫోన్ గ్యాలరీలో ఫొటోగా మిగిలిపోతుంది. అమెరికాలో 2022 సెప్టెంబర్‌లో నియంత్రణ సంస్థలు పెద్ద పెద్ద వాల్‌స్ట్రీట్ సంస్థల మీద కలిపి 1.8 బిలియన్ డాలర్ల జరిమానా వేశాయి. ఉద్యోగులు పని సంగతులు సొంత ఫోన్లలోని యాప్‌లలో మాట్లాడుకున్నారని, చట్టం ప్రకారం దాచాల్సిన రికార్డు దాచలేదని. మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో విదేశీ బ్యాంకులకు పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. "గ్రూపులో వేసెయ్ బ్రో" అన్న మాటకు అక్కడ ఇంత బరువుంది. మన దగ్గర కూడా చాట్ కోర్టు దాకా వెళ్తే దానికి దారి వేరుగా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయమంటుంది. ఉత్త స్క్రీన్‌షాట్ చూపిస్తే పని అయిపోదు.

పచ్చచుక్క

పేరు పక్కన వెలిగే పచ్చచుక్క గురించి చెప్పకుండా ఉండలేను. మనిషి ఉన్నాడో లేడో చెప్పడానికి పెట్టింది, హాజరుపట్టీ అయి కూర్చుంది. కాసేపు కీబోర్డు ముట్టకపోతే పసుపు రంగుకు మారుతుంది. కాగితం మీద పెన్నుతో ఆలోచించేవాడు సోమరిగా, మౌస్ ఊపుతూ కూర్చున్నవాడు శ్రద్ధగా కనబడతారు. మౌస్‌ను దానంతటదే కదిలించే పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారంటే ఇక ఏం చెప్పాలి. చుక్క పచ్చగా ఉంది కాబట్టి వెంటనే జవాబు ఇవ్వాలన్న టెన్షన్ ఒకటి. రాతకున్న గొప్ప గుణం, అవతలివాడు తన వీలు చూసుకుని జవాబివ్వడం. ఈ చుక్క సరిగ్గా దాన్నే తినేస్తుంది. నేను రెండేళ్లుగా స్టేటస్‌లో "11 నుంచి 1 దాకా చాట్ చూడను, అర్జెంటైతే ఫోన్ చేయండి" అని రాసి పెట్టాను. ఈ రెండేళ్లలో ఆ వేళ వచ్చిన ఫోన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అందరం ఊళ్లకు చేరినప్పుడు రాత విలువ ఇంకోలా తెలిసింది. మా టీమ్‌లో ఒకతను జగిత్యాల దగ్గర పల్లెలో ఉండేవాడు. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన స్టూల్ వేసుకుని కూర్చునేవాడు. వీడియో మీటింగ్‌లో అతని మొహం నోరు తెరిచిన చోటే గడ్డకట్టేది. చాట్ మాత్రం ఆగలేదు. సిగ్నల్ లేనప్పుడు కొట్టిన మెసేజ్ పక్కన చిన్న గడియారం గుర్తు పడి ఉండేది, గాలి వాటంగా ఒక గీత సిగ్నల్ రాగానే వెళ్లిపోయేది. మీటింగుల్లో నోరు విప్పని ఆ అబ్బాయి, పొద్దున పది లైన్లు రాసి పెట్టేవాడు: నిన్న ఏం చేశాడు, ఎక్కడ ఆగాడు, ఎవరి నుంచి ఏం కావాలి. అతని పని మీద మాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. ఇంగ్లీషు మాట్లాడటానికి బెరుకు ఉన్నవాళ్లకు రాత పెద్ద ఊతమని అప్పుడే గమనించాను.

అందరి ముందూ డౌట్ అడగడానికి మాత్రం ఆ బెరుకు రాతలో కూడా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు చానల్‌లో అడగరు, పరువు పోతుందని విడిగా "అక్కా, చిన్న డౌట్" అని వస్తారు. జవాబు ఆ ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. వచ్చే నెల ఇంకొకరు వచ్చి అదే అడుగుతారు. అన్నీ చానల్‌లోనే అడగండని రూల్ పెడితే పనిచేయలేదు, డౌట్లు అడగడమే మానేశారు. మా లీడ్ మేడమ్ ఒక పని చేశారు. వారానికి రెండుసార్లు తనే, తనకు తెలిసినవి కూడా, చానల్‌లో అమాయకంగా అడగడం మొదలుపెట్టారు. "ఈ లాగ్ ఫైల్ ఎక్కడుంటుందో మర్చిపోయాను, ఎవరైనా చెప్తారా?" అని. నెల తిరిగేసరికి చిన్నవాళ్లు కూడా అక్కడే అడుగుతున్నారు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నారు. అందరూ ఇళ్లలో ఉన్నప్పటికన్నా ఇదే కష్టంగా ఉంది. సగం మంది ఎదురెదురుగా, సగం మంది తెర మీద. నానక్‌రామ్‌గూడలో ఆఫీసు గేటు బయట చాయ్ బండి దగ్గర నలుగురం నిలబడి, ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తినేలోపు ఒక విషయం తేల్చేస్తాం. చెన్నైలో, డాలస్‌లో ఉన్నవాళ్లకు అది మరునాడు వేరే పనిలో తగులుకుంటే గానీ తెలియదు. అందుకని ఒక వంతు పెట్టుకున్నాం. చాయ్ దగ్గర తేలిన ఏ మాటనైనా, గ్లాసు కింద పెట్టేలోపు ఒకరు ఫోన్ తీసి టికెట్‌లో రెండు లైన్లు కొట్టాలి, ఎవరు చేస్తారో పేరుతో సహా. ఈ నెల ఆ వంతు నాది. నిన్న మూడు కొట్టాను. రెండు గ్లాసులు చల్లారిపోయాయి.